ఫ్లెక్సీ వద్దు, చీపురు పట్టండి!

విశాఖ కాలేజీల్లో చదువుకుంటున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! పాఠాలు చెప్పే సార్లూ, మేడమ్‌లూ!

ఈ 2026 అక్టోబర్ 3కి అస్సీసీ ఫ్రాన్సిస్ కన్నుమూసి 800 ఏళ్లు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి నూరేళ్లు నిండిన ఏడూ ఇదే. సభలు పెడతారు, శాలువాలు కప్పుతారు, జ్ఞాపికలు పంచుతారు. కానివ్వండి. మేం అడగొచ్చింది వేరే.

ఫ్రాన్సిస్ ఇటలీలో ఓ బట్టల షావుకారు కొడుకు. కుర్రతనంలో జల్సారాయుడు. మనసు మారాక, ఊరి బయట శాన్ దమియానో అనే పాడుబడ్డ చర్చిని బాగుచేయాలనుకున్నాడు. నాన్న కొట్టులోని ఖరీదైన బట్టలు గుర్రం మీద వేసుకెళ్లి అమ్మేశాడు, గుర్రాన్నీ అమ్మేశాడు, డబ్బు తెచ్చి అక్కడి ఫాదర్ ముందు పెట్టాడు. అతని తండ్రికి జడిసి ఆయన పుచ్చుకోలేదు. తండ్రితో గొడవ ముదిరి బిషప్ దాకా పోవడం, అందరి ఎదుటా ఒంటి మీది బట్టలు విప్పి తండ్రికి ఇచ్చేయడం, ఇదంతా ఎక్కడైనా చెబుతారు. మాకు మాత్రం ఆ తర్వాతి సంగతే ముఖ్యం. వీధులు తిరిగి రాళ్లు అడుక్కున్నాడు. భుజాన మోసుకొచ్చాడు. తన చేతుల్తో ఆ గోడలు నిలబెట్టాడు.

మన కాలేజీల్లో సేవ ఇంకా ఆ డబ్బు సంచి దగ్గరే ఉంది. గోడకు ‘శ్రమదానం’ ఫ్లెక్సీ. ముందు వరుసలో కొత్త గ్లోవ్స్. నాలుగు ఫొటోలు. తర్వాత బిస్కెట్ ప్యాకెట్లు. ఆ కాగితాలు ఏరేది మళ్లీ మన ఆయమ్మే! ఆమె పేరు మనలో ఎందరికి తెలుసు? పొద్దున్నే ఏ ఊళ్లో బస్సెక్కి వస్తోంది? కాంట్రాక్టరు నెలనెలా జీతం ఇస్తున్నాడా, పీఎఫ్ కడుతున్నాడా? సేవ అక్కడ మొదలుపెడదాం. వారానికో పూట ఆమెతోపాటు చీపురు పట్టండి, ఆమెకు బదులుగా కాదు. పక్కన నిలబడి ఊడిస్తే ఆ కబుర్లన్నీ ఆమే చెబుతుంది. జీతం సంగతి తేలాక ప్రిన్సిపాల్ గారి గదికి అందరూ కలిసి వెళ్లండి.

ఫ్రాన్సిస్ దారి మన తెలుగు కాలేజీలకు కొత్తేం కాదు. విజయవాడ మారిస్ స్టెల్లా కాలేజీని 1962లో పెట్టింది ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ సిస్టర్లే. వాళ్ల సంఘం పుట్టిందెక్కడో తెలుసా? 1877లో, మన ఊటీలో! మీ కాలేజీ గేటు మీద ఫ్రాన్సిస్ పేరున్నా లేకున్నా, మీరు ఏ గుడికి పోయినా పోకున్నా మాకు పేచీ లేదు.

విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ కోసం 1966లో రోడ్డెక్కిన వాళ్లలో విద్యార్థులు ముందున్నారు. 32 మంది ప్రాణాలు పోయాయి. ఫ్యాక్టరీకి భూములిచ్చి 64 ఊళ్లు కదిలిపోయాయి. ఇవాళ అక్కడ కాంట్రాక్టు పని పోయిన ఇంటి పిల్లవాడు మీ బెంచీ మీదే కూర్చుని ఉండొచ్చు. ఫీజు డబ్బు పడలేదని హాల్ టికెట్ కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతుంటే, క్లాసంతా తలా కొంత వేసి కట్టేయండి. ఎవరెంత వేశారో ఎక్కడా రాయొద్దు. ‘ఇందాక డబ్బు వద్దన్నారుగా’ అంటారేమో. డబ్బుతో తగువు లేదు, దాని మీద పేరు చెక్కించుకుంటేనే చిక్కు.

ఇంకో మాట. చూపు దాదాపు పోయిన రోజుల్లో ఫ్రాన్సిస్ పాట కట్టి, సూర్యుణ్ణి అన్న అన్నాడు, నీటిని అక్క అన్నాడు. మరి మన గాలిని మనం అలా చూసుకుంటున్నామా? వన్‌టౌన్‌లో మేడ మీద తెల్ల చొక్కా ఆరేసి సాయంత్రం తీసి చూడండి, పోర్టు బొగ్గు ధూళి మడతల్లో కనిపిస్తుంది. ఆ ఇళ్లలో పిల్లలూ, ముసలివాళ్లూ పీల్చేది అదే. కుప్పల మీద టార్పాలిన్లు కప్పుతున్నారా? నీళ్లు చల్లుతున్నారా? కెమిస్ట్రీ విద్యార్థులారా, మీ ల్యాబు చదువు ఇలాంటి చోట పనికిరాకపోతే మరెందుకు? ధూళి పట్టి, కొలిచి, లెక్కలు కట్టి కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పెడదాం.

అక్టోబర్ 4 ఆదివారం, పొద్దున్న 6 గంటలకు వన్‌టౌన్ పాత పోస్టాఫీసు దగ్గరికి రండి. అక్కణ్ణుంచి రాస్ హిల్ చర్చికి, దర్గా కొండకు, వెంకటేశ్వరస్వామి కొండకు నడుద్దాం. పోర్టు పక్కనే మూడు కొండలు, మూడు మతాలు. క్రూసేడు యుద్ధం నడుస్తుండగా 1219లో ఫ్రాన్సిస్ ఆయుధం లేకుండా ఈజిప్టు సుల్తాన్ అల్ కామిల్ దగ్గరికి వెళ్లాడు. సుల్తాన్ మర్యాదగా మాట్లాడి క్షేమంగా పంపాడు. మనకు అంత సాహసం అక్కర్లేదు, మెట్లెక్కే ఓపిక చాలు. దారిలో మెట్ల మీది చెత్త ఏరుదాం. జెండాలు, బ్యానర్లు, స్పీచ్‌లు ఉండవు. సంచి, చీపురు, మంచినీళ్ల సీసా ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. మీ ఆయమ్మనూ, వాచ్‌మన్ బాబాయినీ పిలవండి, పని చేయడానికి మాత్రం కాదు. వాళ్లకు టిఫిన్ మనమే పెడదాం.

ఈ కాగితం చదివాక కింద పారేయకండి, పక్కవాళ్లకు ఇవ్వండి.

ఇట్లు,
విశాఖ కాలేజీల విద్యార్థులం కొందరం