దూరపు డాక్టరు - దగ్గరి మనిషి

సేద్యపు పత్రికలో వైద్యమును గూర్చి వ్రాయుట యేల యని పాఠకులు అడుగవచ్చును. నాట్ల రోజులలో ఇంటి యజమాని మంచము పట్టినచో కలుగు నష్టము చీడపీడల నష్టమునకు తీసిపోదు. ఆసుపత్రికి పోవలెనన్న రోగి కూలి, తోడు వచ్చువారి కూలి, బస్సు ఛార్జీలు అన్నియు ఒక్క దినమున పోవును. అందుచేతనే చాలమంది జబ్బు ముదిరిన పిమ్మటగాని పట్టణమునకు బయలుదేరుట లేదు.

ఈ ఇబ్బందిని తగ్గించుటకు, ఊరిలోనే ఉండి ఫోనుపైనో తెరపైనో డాక్టరు సలహా పొందు ఏర్పాటు నేడు గలదు. ఇది నిన్న మొన్నటి మాట కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో 2000 సంవత్సరముననే అపోలో ఆసుపత్రివారు ఇట్టి కేంద్రమును నెలకొల్పిరి. కేంద్ర ప్రభుత్వము 2019 నవంబరులో ఇ-సంజీవని పథకమును ప్రారంభించినది. ఇట్టి వైద్యమునకు డాక్టర్లు పాటింపవలసిన నియమములు 2020 మార్చి 25న వెలువడినవి. 2023 ఫిబ్రవరి నాటికి ఇ-సంజీవనిలో జరిగిన సంప్రదింపులు 10 కోట్లు దాటినవి. ఇందులకు రోగి రుసుము చెల్లింప నక్కరలేదు.

అయినను మన పల్లెలలో వెనుకాడువారు ఇంకను ఉన్నారు. ‘చేయి పట్టి చూడని డాక్టరు మందేమి ఇచ్చును?’ అని వారు అడుగుచున్నారు. వారిని తెలియనివారని త్రోసివేయుట తగదు. ఆ సందేహములో న్యాయము గలదని నేను నా ఉద్యోగములోనే నేర్చుకొంటిని. ఒక రైతు పసుపుబారిన వరి ఆకుల ఫొటో నా ఫోనుకు పంపెను. చూచి పోషకలోపమని తలచితిని. మరునాడు పొలమునకు పోయి దుబ్బులను తట్టి చూడగా మొదళ్లవద్ద సుడిదోమ గుంపులుగా ఉన్నది. ఫొటోలో ఆకు కనబడినది గాని మొదలు కనబడలేదు. నాడు నేను పొలమునకు పోకున్నచో ఆ రైతు మరల నాకు ఫోను చేసియుండడు.

రోగి విషయమును ఇంతే. అతడు నమ్మునది యంత్రమును కాదు. తన ప్రక్కన ఉన్న మనిషిని. ఊరి ఆరోగ్య ఉపకేంద్రములో తనకు తెలిసిన నర్సమ్మ రక్తపు పోటు చూచి, షుగరు పరీక్ష చేసి, ఆ వివరములను తెరపై ఉన్న డాక్టరుకు చెప్పినప్పుడు ముసలివారు సహితము ధైర్యముగా మాట్లాడుదురు. డాక్టరు చేయి అందని చోట ఆమె చేయి అందుచున్నది. ఫోను ఒక్కటి చేతికిచ్చి ‘మీరే మాట్లాడుకొనుడు’ అన్నచో, చదువు రానివారు, చెవి సరిగా వినరానివారు ఆ దరికి పోరు.

రెండవ సంగతి మందులు. సలహా దొరికినచోటనే మాత్రలు దొరకవలెను. సలహా ఊరిలో దొరికి, మాత్రలకై పట్టణమునకు పోవలసి వచ్చినచో, బస్సు ఛార్జీ మిగిలినదెక్కడ? అట్టి రోగి రెండవసారి రాడు; ప్రక్కవారిని కూడ రానీయడు.

మూడవది చాటు. స్త్రీలు తమ బాధలను పదిమందిలో చెప్పుకొనజాలరు. ఇంటిలో ఫోను మగవారి చేతిలో ఉన్నచో, కోడలు తన జబ్బును మామగారి ఎదుట ఎట్లు చెప్పగలదు? ఒక గది, కనీసము ఒక తెరగుడ్డ, ఉన్నచో ఈ సంకోచము చాల వరకు తీరును.

నాలుగవది నిజాయితీ. దూరవైద్యముతో అన్నియు నయమగునని ప్రచారము చేయరాదు. బి.పి., షుగరు వంటి దీర్ఘవ్యాధులకు మందులు సరిచూచుకొనుటకును, చర్మవ్యాధులకును, సామాన్యమైన దగ్గు జలుబులకును ఇది మిక్కిలి అనుకూలము. రోగిని స్వయముగా చూడవలెనని తోచినచో డాక్టరు ఆసుపత్రికి రమ్మని చెప్పవలెననియు, రోగి తన ఇష్టముచొప్పున ఎప్పుడైనను సంప్రదింపును విరమించుకొనవచ్చుననియు పైన చెప్పిన నియమములలోనే ఉన్నది. ‘ఆసుపత్రికి రండి’ అని డాక్టరు అన్నచో అది ఏర్పాటు విఫలమైనట్లు కాదు; సకాలములో హెచ్చరిక అందినట్లు.

ఈ సందర్భమున రైతులకు ఒక ముఖ్య విషయము చెప్పవలసి యున్నది. పురుగుమందు చల్లుచుండగా తల తిరిగి, వాంతులై, చొంగ కారినను, పాము కరచినను, గుండెలో నొప్పి వచ్చినను తెరపై డాక్టరు కొరకు వేచియుండరాదు. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేరవలెను. పురుగుమందు డబ్బానుగాని, దానిపై చీటీనిగాని వెంట తీసికొని పోయినచో డాక్టరుకు చికిత్స సులువగును.

గ్రామాధికారులు చేయదగిన పని కొంత గలదు. డాక్టరు ఏ దినమున, ఏ వేళకు దొరకునో పంచాయతీ కార్యాలయమువద్ద పెద్ద అక్షరములతో వ్రాయించవలెను. దండోరా వేయించినచో మరియు మంచిది. చెప్పిన వేళకు కరెంటు, సిగ్నలు ఉండునట్లు చూడవలెను. రెండుసార్లు వచ్చి ఊరక తిరిగిపోయిన రోగిని మూడవసారి పిలుచుట కష్టము. రోగులు పాత మందుచీటీలను, వాడుచున్న మాత్రల అట్టలను వెంట తెచ్చుకొనవలెను. నాటుమందు వాడుచున్నచో దాచక చెప్పవలెను.

కొత్త వంగడమును రైతు కరపత్రము చదివి నమ్మలేదు. ప్రక్క చేనిలో పండగా చూచి నమ్మినాడు. దూరవైద్యమును అంతే. ఊరిలో నలుగురికి నయమై, వారి క్షేమమును నర్సమ్మ మరల వచ్చి విచారించినచో, ఐదవవాడు పిలువకయే వచ్చును. కావున యంత్రములపై వెచ్చించు శ్రద్ధలో సగమైనను ఆ యంత్రము ప్రక్కన కూర్చుండు మనిషిపై వెచ్చింపవలెనని నా మనవి.