మిషను బాగానే ఉంది కదా!

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు భద్రతా సవరణలు ఆగిపోయినయి. "ఇక ఇది పనికిరాదు, కొత్తది కొనుక్కోండి" అంటున్నారు షాపులోళ్లు. ఎందుకు కొనాలి? మిషను బాగానే ఉంది కదా!

డెబియన్ ఉంది. 1993 నుంచీ ఎందరో కలిసి చేస్తున్న పని. పైసా కట్టక్కర్లేదు, ఎవడి అనుమతీ అక్కర్లేదు. పెన్‌డ్రైవ్ నుంచే, లోపల ఏదీ చెరపకుండా నడిపి చూడొచ్చు. నచ్చితేనే ఎక్కించుకోండి. ముందు మాత్రం మీ కాగితాలూ ఫోటోలూ వేరేచోట దాచండి. డిస్కు తుడిచేశాక ఏడ్చి లాభం లేదు, నేనేడ్చాను.

వైఫై రాలేదా? చాలాసార్లు ఆ చిప్పుకి కావలసిన ఫర్మ్‌వేర్ లేకనే. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది. అయినా మొండికేస్తే ఫోనుని వైరుతో కలిపి నెట్ తెచ్చుకోండి.

అప్పటికీ కాకపోతే అడగండి. "పనిచేయట్లేదు" అని ఊరుకోవద్దు. ఏ మిషను, ఏం చేశారు, తెరమీద ఏం వచ్చింది, పొల్లు పోకుండా రాయండి.

ఇక తెలిసినోళ్లని నేనడిగేది ఒకటే. కొత్తోళ్లు అడిగితే "పుస్తకం చదువుకోపో" అని కసురుతున్నారే, మీకు ఎవరూ చెప్పకుండానే వచ్చిందా? మా వాడలో ఒక పిల్ల అట్లా కసురు తిని మూసిన కంప్యూటర్‌ని మళ్లీ తెరవలేదు.