పని దగ్గర జగడమా?



2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పని మొదట ప్రారంభమైన జిల్లాలలో మన నల్గొండ, మహబూబ్‌నగర్ కూడా ఉన్నవి. మట్టి పనిలో కూలి కొలతను బట్టి వచ్చేది. గుంపంతా తవ్వినది కలిపి కొలిచేవారు. "నేను తవ్వుతుంటే నువ్వు కూర్చున్నావు" అనే జగడం అక్కడే పుట్టేది.

మీలో గుంపును నడిపే మేటు గాని మేస్త్రి గాని ఉంటే ఈ సంగతి గమనించండి. నలుగురి ఎదుట తీర్పు చెప్పకండి. ఓడినవారు పగ పెంచుకుంటారు. ఇద్దరినీ ఎడం చేసి, ఒక్కొక్కరి మాట అడ్డు రాకుండా వినండి. కూర్చున్నామెకు ఒంట్లో బాగాలేదేమో! అబ్రాహాము కాపరులకూ లోతు కాపరులకూ జగడమైనప్పుడు, పెద్దవాడైన అబ్రాహామే ముందు తగ్గాడు.

కోపం చల్లారిన తరువాత అందరినీ కూర్చోబెట్టి, తవ్వేదెవరో మోసేదెవరో పంచండి. కొలత అందరి ఎదుటే పట్టండి. లెక్క తేటగా ఉన్నచోట అనుమానం నిలువదు.