తంగేడును కూడా కొనుక్కోవాలా?

బతుకమ్మకు గుడి లేదు, పూజారి లేడు. పసుపు ముద్దతో చేసిన గౌరమ్మ, చుట్టూ పూలు, అంతే. ఆ పూలు కూడా తోటల్లో పెంచినవి కావు. గునుగు చేన్లలో మొలిచే కలుపు. తంగేడు ఎవరూ నాటని, ఎవరూ నీళ్ళు పొయ్యని పొద. అందుకే మేడలో ఉన్నామె బతుకమ్మకైనా, కూలికి పోయే ఆమె బతుకమ్మకైనా ఒకటే పూలు. ఒకరిది కాస్త ఎత్తు, ఒకరిది పొట్టి కావచ్చు. పూలు కొనలేక పండుగ మానుకున్న ఇల్లు మాత్రం మా చిన్నతనంలో లేదు.

మరి ఇప్పుడో? వరంగల్ జిల్లాలోని మా నెక్కొండలో సద్దుల బతుకమ్మ ముందురోజు తంగేడు కట్టలు కట్టి అమ్ముతున్నారు. చుట్టూ చేన్లున్న ఊళ్ళో తంగేడు కొనుక్కోవడమేమిటి అనిపించి, అమ్మే అవ్వతో బేరం ఆడబోయాను.

“ఇంత ధరా అవ్వా?” అంటే, “ఏడున్నదే బిడ్డా తంగేడు? ఇదివరకు ఊరు దాటంగనే ఉండె. ఇప్పుడు ఆటో కట్టుకొని పోవాలె. ఆటోకు పైసలు నేనేడ తెత్తు?” అంది.

ఆమె మాట నిజం. తంగేడు అంతరించిపోయే మొక్కేమీ కాదు. మన దేశంలోని మెట్ట ప్రాంతాల్లో, శ్రీలంకలో కూడా పెరుగుతుంది. ఎండకు వెరవదు, రాళ్ళ నేలైనా చాలు, పశువులు కూడా అంతగా ముట్టవు. అంత మొండి మొక్కకు మన ఊళ్ళ చుట్టూ చోటు లేకుండా పోతోంది. బంచరాయి భూములు దున్నకాలకో ప్లాట్లకో పోయాయి. బాటల వెంబడి పొదలను జేసీబీలు ఎత్తేస్తున్నాయి. ఒడ్డు చెక్కడానికి మనిషి దొరకక రైతులు గడ్డి మందు కొడుతున్నారు. వాళ్ళనూ తప్పు పట్టలేం, కూలి ఖర్చు అట్లా ఉంది. ఆ మందుకు గడ్డితో పాటు గునుగూ పోతుంది, అప్పుడే మొలిచిన తంగేడూ పోతుంది.

మిగిలిన పొదల పని మనమే పడుతున్నాం. పూలు తెంపమంటే కొమ్మలకు కొమ్మలే విరిచి బస్తాల్లో కుక్కుతున్నారు. పువ్వంతా పోతే కాయ ఎక్కడిది? కాయ లేకపోతే విత్తనం ఎక్కడిది?

నిజానికి తంగేడు మనకు పండుగ పువ్వు మాత్రమే కాదు. దాని బెరడుతో తోళ్ళు పదును చేసేవారు. రొట్టను వరి మళ్ళలో వేసి ఎరువుగా తొక్కేవారు. పుల్లతో పళ్ళు తోముకునేవారు. పల్లెవైద్యంలో ఆకు, పువ్వు, గింజ అన్నీ వాడేవారు. ఇవన్నీ ఒక్కొక్కటిగా పోయాయి. తోళ్ళకు వేరే సరుకొచ్చింది, మళ్ళకు బస్తాల ఎరువొచ్చింది, పళ్ళకు పేస్టొచ్చింది. ఇవాళ తంగేడుతో పని పడేది ఆడవాళ్ళకే, అదీ తొమ్మిది రోజులే. మనమూ పట్టించుకోకపోతే దాన్ని అడిగేవాళ్ళే ఉండరు.

2014లో తెలంగాణ ఏర్పడినాక బతుకమ్మను రాష్ట్ర పండుగ చేశారు, అదే ఏడు తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. సంతోషమే. 2015లో హరితహారం మొదలయ్యాక ఊరూరా నర్సరీలు పెట్టారు. మా వైపు వాటిల్లో పూలమొక్కలు, నీడ చెట్లు చూశాను కానీ తంగేడు బుట్టలు వరసగా పేర్చి ఉండగా చూడలేదు. రాష్ట్ర పుష్పం అన్న పేరొక్కటే ఇచ్చి, ఊళ్ళో గజం నేల ఇవ్వకపోతే అదేం గౌరవం?

“పూలే కదా, బంతి, చామంతి పెట్టుకుంటే పోలా?” అంటుంది మా పక్కింటి వదిన. పెట్టుకోవచ్చు. కానీ బంతీ చామంతీ మార్కెట్ పూలు. పండుగ దగ్గరపడితే ధర చెట్టెక్కుతుంది. అప్పుడు ఎవరి బతుకమ్మ ఎంత ఎత్తన్నది వాళ్ళ చేతిలోని డబ్బును బట్టే ఉంటుంది. అప్పుడిక అందరం సమానంగా చుట్టూ తిరిగి ఆడుకునే పాటకు అర్థమేముంది?

“మరి పూలమ్ముకునే వాళ్ళ పొట్ట కొడతారా?” అనకండి. పొదలు ఊరి దగ్గర ఉంటే ఆ అవ్వకు కూడా ఆటో ఖర్చు తగ్గుతుంది.

చేయగలిగినవి చిన్న పనులే. పూలు తెంపేటప్పుడు కొమ్మ విరవకుండా, పొదకు సగం పూలైనా వదిలిపెట్టమని మన మగవాళ్ళకూ పిల్లలకూ చెబుదాం. మిగిలిన పువ్వు పల్చటి కాయలవుతుంది. అవి ఎండాక పిల్లల చేత గింజలు ఏరించి దాచుకోవచ్చు. గింజ పెంకు గట్టిది, ఒక రాత్రి వేణ్ణీళ్ళలో నానబెడితే త్వరగా మొలుస్తుంది. తొలకరికి చెరువు కట్ట పక్కన, బడి గోడ వెంబడి, బతుకమ్మ ఆడే చోటు చుట్టూ చల్లితే చాలు. సొంత చేను ఉన్నవాళ్ళు ఒక్క ఒడ్డుకు గడ్డి మందు కొట్టకుండా వదిలెయ్యండి.

ఇక మహిళా సంఘాల్లో ఉన్న అక్కచెల్లెళ్ళకు ఒక మాట. గ్రామసభలో రోడ్లు, మోరీలు అడుగుతాం కదా, ఈసారి తంగేడుకు కాస్త ఊరుమ్మడి జాగా కూడా అడగండి. నర్సరీలో వెయ్యి బుట్టలు తంగేడు పెంచమనండి. ఇది నీళ్ళు తాగే పంట కాదు, కాపలా అడిగే తోటా కాదు. కాదనడానికి వాళ్ళకు కారణం ఏం దొరుకుతుందో చూద్దాం.