మోనే తవ్వించుకున్న కొలను

సంపాదకులకు,

ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే ఇంటి గురించి పోయిన ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం ఇష్టంగా చదివాను. కానీ ఆ ఇల్లున్న గివెర్నీ ఊరి అందమే ఆయన చేత కలువలు వేయించిందన్న మాట ఒప్పుకోలేను. 1883లో ఆయన అద్దెకు దిగినప్పుడు అక్కడ కలువల కొలనే లేదు. ఇల్లు కొన్నది 1890లో. మూడేళ్లకు రైలు పట్టాలకు అవతలి స్థలం కొని, ఎప్త్ నది పాయ నుంచి నీళ్లు మళ్లించి కొలను తవ్వించాడు. అందులో నాటబోయే విదేశీ మొక్కలు నీళ్లను పాడుచేస్తాయని ఊరివాళ్లు అడ్డుపడ్డారు. ఆయన పట్టుబట్టి అనుమతి సాధించాడు. 1901లో కొలనును ఇంకా పెద్దది చేయించాడు. కలువాకులను శుభ్రంగా ఉంచడానికి ప్రత్యేకంగా ఒక తోటమాలి. దుమ్ము లేవకుండా పక్క రోడ్డుకు తారు వేయించిన ఖర్చూ ఆయనదే.

అంటే కుంచె పట్టకముందే నీళ్లతో, మొక్కలతో ఆయన బొమ్మ వేయడం మొదలుపెట్టాడు. వ్యాసంలో పసుపు రంగు భోజనాల గదికి ఇచ్చిన చోటులో సగమైనా ఆ తోటమాలికి ఇవ్వాల్సింది. ఇంటి గోడల నిండా ఉన్న జపాన్ చిత్రాల ప్రస్తావనే లేకపోవడం మరీ వెలితి. కొలను మీది వంపు వంతెన ఆ అభిరుచి నుంచి వచ్చిందే కదా!

చివరి ఏళ్లలో కంటిశుక్లాలతో చూపు మసకబారినా, 1923లో ఆపరేషన్ అయ్యాక కూడా, ఆ కొలనునే వేశాడు. కొలనును చూపే భారీ చిత్రాల కోసం ఇంటి ఆవరణలోనే కొత్త స్టూడియో కట్టించాడు. 1927 నుంచి వాటిలో కొన్ని పారిస్‌లోని ఒరాంజెరీ మ్యూజియంలో ఉన్నాయి. వాటి గురించి వివరంగా మరో వ్యాసం వేయమని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం