క్షమాపణ వేరు, పదవి వేరు



1948లో స్ట్రామ్ థర్మండ్ తెల్లవారిని, నల్లవారిని వేరుగా ఉంచాలంటూ అమెరికా అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిపోయాడు. 2002 డిసెంబరు 5న ఆయన నూరవ పుట్టినరోజు సభలో, నాడు ఆయన గెలిచివుంటే దేశానికి ఇన్ని చిక్కులు వచ్చేవికావన్నట్టు సెనేట్‌లో రిపబ్లికన్ల నాయకుడు ట్రెంట్ లాట్ మాట్లాడాడు. పలుమార్లు క్షమాపణ చెప్పినా డిసెంబరు 20న నాయకత్వం వదులుకోవలసి వచ్చింది. సెనేటర్‌గా మాత్రం కొనసాగాడు.

ఇది న్యాయమేనని మేము తలుస్తున్నాము. పశ్చాత్తాపపడినవానిని క్షమించడం మన విధి. అయితే పెద్దరికం హక్కు కాదు, నమ్మి అప్పగించిన గృహనిర్వాహకత్వం. నమ్మకం పోయినప్పుడు దిగిపోవడమే మేలు. జక్కయ్య వట్టి మాటతో ఆగక, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు.

కులం పేరెత్తి తోటి విశ్వాసిని కించపరచే సంఘపెద్దకైనా ఇదే కొలత.