నట్టు బిగిస్తేనే నడక

రాయ్‌పూర్‌లో తెలీబంధా అనగానే చెరువు, దాని గట్టున సాయంత్రాలు సందడిగా ఉండే మెరైన్ డ్రైవ్ గుర్తొస్తాయి. ఒకప్పుడు ఈ పేట మీదుగా ధమ్‌తరీ వైపు న్యారో గేజ్ రైలు నడిచేది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర వృక్షమైన సాల చెట్టు కలప అప్పట్లో రైలు మార్గాలకు స్లీపర్లుగా విరివిగా వాడేవారు. దాని మీద ఇనుప పట్టా ఏళ్ల తరబడి కదలకుండా నిలిచేది. ఇనుమును కర్రకు బిగించే ఆ పాత విద్య అవసరం ఇప్పుడు మరో చోట పడుతోంది. పక్షవాతం నుంచి కోలుకుంటున్న మనిషి నడక సాధన చేసే గదిలో.

పక్షవాతం తర్వాత నడక తిరిగి రావాలంటే సాధన రోజూ జరగాలి. ఎయిమ్స్ ఉన్నది నగరానికి ఆ చివర, టాటీబంధ్‌లో. తెలీబంధా నుంచి రోగిని రోజూ ఆటో ఎక్కించి తీసుకెళ్లడం ఎన్ని కుటుంబాలకు సాధ్యం? అందుకే చాలామంది ఆస్పత్రిలో చూసిన సమాంతర కడ్డీలను ఇంట్లోనే చేయించుకోవాలనుకుంటారు. నాలుగు కర్ర స్తంభాలు, రెండు జీఐ పైపులు, ఒక వడ్రంగి ఉంటే చాలనిపిస్తుంది. కడ్డీ ఎంత ఎత్తులో ఉండాలో ఫిజియోథెరపిస్టు చెబుతారు. తుంటి ఎత్తున, పట్టుకున్నప్పుడు మోచేయి కాస్త వంగేలా ఉండాలంటారు. ఏ కర్ర మంచిదో వడ్రంగి చెబుతాడు. ఆ రెండూ కలిసే చోటు గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. ప్రమాదం పొంచి ఉండేది అక్కడే.

మంచం కోడు మోసే బరువు నిలకడగా కిందికి దిగుతుంది. నడక కడ్డీ సంగతి అది కాదు. మనిషి తూలినప్పుడు ఒంటి బరువంతా ఒక్క క్షణంలో, ఒకే కడ్డీ మీద, అదీ పక్కకు పడుతుంది. ఆ కుదుపుకు మేకు ఊడివస్తుంది. స్క్రూ మేకు కంటే నయమే కానీ, స్తంభం పైకొనలో దిగ్గొడితే దాని పట్టు తక్కువ. అక్కడ కలప నారలు స్క్రూకు అడ్డంగా ఉండవు, దాని వెంటే సాగుతాయి. ఇక పార్టికల్ బోర్డు అయితే రెండు మూడు కుదుపులకే పొడిపొడిగా రాలుతుంది.

నమ్మదగిన పద్ధతి ఒకటే. కర్రకు ఈ పక్క నుంచి ఆ పక్కకు రంధ్రం వేసి, 10 మి.మీ. బోల్టు దూర్చి, రెండు వైపులా వెడల్పాటి వాషర్లు వేసి, నైలాన్ రింగున్న లాక్ నట్టుతో బిగించడం. వాషరు ఒత్తిడిని పంచుతుంది, బోల్టు తల కర్రలోకి దిగబడకుండా చూస్తుంది. పైపును స్తంభం లోపలి ముఖానికి ఆనించి యూ బోల్టు వేస్తే నట్లు బయటి వైపు ఉండి చేతికి గీసుకోవు. సాల, తుమ్మ లాంటి గట్టి కర్రల్లో బర్మాతో ముందుగా రంధ్రం వేయకుండా స్క్రూ దింపితే కర్ర చీలుతుంది, లేదా స్క్రూ తల విరుగుతుంది. రంధ్రం కొనకు మరీ దగ్గరగా ఉన్నా చీలిక తప్పదు.

అంతా బిగించాక కూడా పని పూర్తి కాదు. వేసవిలో రాయ్‌పూర్ ఎండకు కర్ర కుంచించుకుపోతుంది, వానాకాలం తేమకు ఉబ్బుతుంది. ఇనుము అలా మారదు. లాక్ నట్టు తిరగకపోయినా, కర్ర సన్నబడితే బిగువు సడలుతుంది. అందుకే వానలకు ముందూ వెనకా నట్లు చూసుకోవాలి. కొత్త కడ్డీల మీద మొదట వేలాడి, పక్కకు గుంజి చూడాల్సింది రోగి కంటే బరువున్న ఆరోగ్యవంతుడు.

ఇదంతా వడ్రంగి పని, ప్రభుత్వానికేం సంబంధం అనిపించవచ్చు. కానీ 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 250 కోట్ల మందికి పైగా ఏదో ఒక సహాయ పరికరం కావాలి. కొన్ని పేద దేశాల్లో అవసరమైన వారిలో దాన్ని పొందుతున్నది 3 శాతమే. మన దేశంలో వికలాంగులకు పరికరాలిచ్చే అడిప్ పథకం 1981 నుంచి ఉంది. కాన్పూర్‌లోని అలిమ్కో 1972లో ఏర్పడింది. 2016 చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. ఇవన్నీ అవసరమైనవే. అయితే శిబిరంలో చేతికందేది తయారైన వస్తువు. ఇంటి గదికి, మనిషి ఎత్తుకు తగ్గట్టు చేయించుకునేదాని భద్రత చూసేదెవరు?

మెక్సికోలోని అహోయా గ్రామంలో 1981లో మొదలైన ప్రొజిమో దీనికి ఒక దారి చూపింది. అక్కడ వికలాంగులే వర్క్‌షాపు నడిపి, స్థానికంగా దొరికే సరుకుతో పరికరాలు తయారు చేశారు. ఆ అనుభవంతో డేవిడ్ వెర్నర్ 1987లో రాసిన పుస్తకం ఎన్నో దేశాల్లో చేతిపుస్తకమైంది. అక్కడ వాడుకునేవాడూ చేసేవాడూ ఒకేచోట ఉండేవారు కాబట్టి, వదులైన నట్టు సంగతి వెంటనే తెలిసిపోయేది.

మన ఆస్పత్రులు అంత దూరం వెళ్లనక్కర్లేదు. రోగిని ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే వ్యాయామాల కాగితం వెనక ఒక బొమ్మ ముద్రిస్తే చాలు. బోల్టు ఎక్కడ, వాషరు ఎక్కడ, బరువు పరీక్ష ఎలా అన్నది అందులో ఉండాలి. ఆ కాగితం వడ్రంగి చేతికి చేరాలి. అప్పుడే లేచి నిలబడ్డ మనిషికి రెండోసారి పడటం తుంటి ఎముకతో పాటు ధైర్యాన్నీ విరిచేస్తుంది. ఆ కష్టంతో పోలిస్తే నాలుగు బోల్టుల ఖర్చు లెక్కలోకి రాదు.